జ్వరము తగ్గినంత మాత్రమున



సినిమాను గూర్చి ఈ పుటలలో వ్రాయుట కొందరికి రుచింపకపోవచ్చును. మా తల్లిగారి కాలములో సినిమాహాలు మెట్టెక్కినవానికి ఆ నెల ప్రభువు బల్లలో పాలు లేదని చెప్పు పెద్దలుండిరి. నేను పదియారేండ్ల వయస్సున సూళ్ళూరుపేటలో దొంగచాటుగా ఒక భక్తి సినిమా చూచి వచ్చి, భక్తి సినిమాయే గదాయని వాదించి, వాదించినందుకు మరి రెండు దెబ్బలు ఎక్కువ తింటిని. అదే సూళ్ళూరుపేటలో 2019లో బ్రహ్మాండమైన తెరతో క్రొత్త హాలు కట్టిరి. తడ నుండి, వరదయ్యపాళెము నుండి, అరవదేశము నుండి సయితము జనులు బండ్లు కట్టుకొని పోవుచున్నారు. వారిలో మన సంఘస్థులు లేరని ఎవరైన చెప్పిన నేను నమ్మను. కాబట్టి సినిమా చూడవచ్చునా కూడదా అను తగవును నేనిక్కడ ఎత్తుట లేదు. చూచినదానిని గూర్చి మనము ఏమనుకొనుచున్నాము, ఎందుచేత అట్లనుకొనుచున్నాము అనునదే నాకు కావలసిన సంగతి.

వేసవి సెలవులలో మా అన్నగారి కుమారుడు మా ఇంటికి వచ్చెను. అతడు కళాశాలలో పాఠములు చెప్పువాడు. ఒక సాయంకాలము ఇంటి కూడిక ముగిసిన తరువాత వానకు చిక్కి కొందరు మా ఇంటనే నిలిచిపోయిరి. ఊరక కూర్చుండనేల యని అతడు తన ఫోనును టీవీకి కలిపి, "చిన్నాయనా, ఒక మంచి సినిమా పెడతా, పాటలూ ఫైట్లూ ఉండవు" అనెను. పాటలు లేవనగానే నిద్రపోదుమని మా సంఘ పెద్ద ఒకాయన గోడకు ఆనుకొనెను. అయితే ఆయన నిద్రపోలేదు. ఎవరును నిద్రపోలేదు. వాన వెలిసిన తరువాత కూడ రాత్రి పదకొండు గంటలవరకు ఎవరును లేచి పోలేదు.

ఆ సినిమా పేరు గ్రహణం. 2004లో వచ్చినది. ఇంద్రగంటి మోహనకృష్ణగారు దర్శకుడుగా తీసిన మొదటి సినిమా ఇదే. దీనికి ఆ సంవత్సరపు జాతీయ బహుమానములలో, మొదటి సినిమాతోనే మెప్పు పొందిన దర్శకునికిచ్చు ఇందిరాగాంధీ బహుమానము దొరకెను. దీనికి ఆధారము గుడిపాటి వెంకటచలముగారి దోషగుణం అను కథ. చలము పేరు వినగానే మన ఇండ్లలో కొందరు ముఖము చిట్లించుదురు. 1894లో పుట్టి, బడుల తనిఖీ అధికారిగా పనిచేసి, 1927లో మైదానం అను నవలతో దేశమంతయు అల్లకల్లోలము చేసిన మనిషి ఆయన. కడపటి దాదాపు ముప్పది యేండ్లు తిరువణ్ణామలలో గడపి 1979లో అక్కడనే కన్నుమూసెను. ఆయన పుస్తకమును పరుపు క్రింద దాచుకొని చదివిన తరము మాది. ఆయన చెప్పినదంతయు నాకు సమ్మతము కాదు. స్త్రీపురుషుల కోరికకు ఆయన కట్టిన గుడి నేను దండము పెట్టదగినది కాదు. అయినను, ఇంటిలో నోరులేని స్త్రీ పడు బాధను ఆయన చూచినంత తేటగా మన ఉపదేశకులలో ఎందరు చూచిరి అని అడిగిన, నా వేళ్ళు మడుచుటకు పని యుండదు.

కథ చిన్నది. ధనికుడైన నారాయణస్వామి భార్య శారదాంబ. నారాయణస్వామిగా తనికెళ్ళ భరణిగారును, శారదాంబగా జయలలితగారును నటించిరి. ఆమె దయగలదియని ఊరంతట పేరు. ఆ ఇంటికి వచ్చిపోవు పేద కుర్రవాడు కనకయ్య. వానికి జ్వరము తగిలి, ఏ మందునకును లొంగక, ప్రాణముమీదికి వచ్చును. వైద్యము చేయవచ్చినవాడొకడు చూచి, ఇది దోషగుణమనును. తనకంటె వయస్సులో పెద్దదైన స్త్రీతో పొందు చేసినవానికి వచ్చు రోగమట. ఆ స్త్రీ దేహమునుండి తీసిన నెత్తురే దానికి మందట. అనుమానము శారదాంబమీద పడును. నెత్తురు తీయుదురు. కుర్రవాని జ్వరము తగ్గును. తగ్గెను గనుక ఆమె దోషియని తేలిపోయినదందురు. భర్త ఆమెను ఇల్లు వెడలగొట్టును.

టీవీ ఆర్పగానే మా ఇంటి వసారా న్యాయస్థానమైపోయెను.

మొదట నోరు విప్పినది మా వీధిలో ఎండుచేపల వ్యాపారము చేయు ఒక ముసలమ్మ. "ఏందబ్బా ఇది! జొరం తగ్గిందని పెళ్ళాన్ని తరిమేస్తాడా? వాడూ ఒక మొగుడేనా?" అనెను. గోడకు ఆనుకొన్న పెద్దాయన వెంటనే, "అట్టనబాక పెద్దమ్మా. ఊళ్ళో అన్ని ఇళ్ళుండంగా ఆ ఇంటిమీదనే మాట ఎందుకు పడాల? నిప్పు లేందే పొగ వస్తదా?" అనెను. మా కూడికకు క్రొత్తగా వచ్చుచున్న ఒక లారీ యజమాని ఇంకను ముందుకు పోయి, ఆ భర్తను చూచితే తనకు జాలి కలిగినదనియు, నలుగురిలో తల వంచుకొనవలసి వచ్చిన మగవాని బాధ ఎవరికిని పట్టదనియు చెప్పెను. నా భార్య ఆ కుర్రవాని తట్టు తిరిగి, వానికి ఆమెమీద మనస్సుండెనేమో, ఆమెకు వానిమీద నుండినది తల్లిప్రేమయేమో, ఆ రెండును ఒక్కటికావు గదా యనెను. "మీరంతా ఒకటే అడుగుతున్నారు, ఆమె చేసిందా లేదా అని. చేస్తే మాత్రం ఏం? ఆమెకు మాత్రం మనసు లేదా?" అని మా అన్న కుమారుడు అనగానే గొడవ హెచ్చెను.

శ్రీసిటీలో సెల్‌ఫోనులు బిగించు పనికి పోవు ఒక చిన్నది మూలను కూర్చుండి యుండెను. ఆమెకు పెండ్లియై రెండేండ్లు. రాత్రి పాళికి పోయి తెల్లవారి బస్సు దిగి వచ్చును. ఎంతసేపటికిని మాటాడలేదు. చివరకు నా భార్య, "నువ్వేమంటావే అమ్మాయ్?" అని అడుగగా, "నేనేమంటాను అత్తా? ఆమెను ఒక్కరైనా అడిగినారా, నువ్వేమంటావని?" అనెను. అంతే అనెను. వసారా కొంచెముసేపు ఊరకుండెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక్కటే సినిమా, ఒక్కటే గది, ఒక్కటే వాన. ఇన్ని తీర్పులు ఎట్లు వచ్చెను? ఆలోచించిన కొలది నాకు తోచినదేమనగా, శారదాంబను గూర్చి మాలో ఎవరికిని తెలిసినది కొంచెమే, మిగిలినది ప్రతివాడును తన ఇంటినుండి తెచ్చుకొని నింపెను. ముసలమ్మ భర్త యౌవనములో ఎట్లుండెనో ఊరికంతటికి తెలియును. లారీ యజమాని భార్య పుట్టింటికి పోయి మూడేండ్లయినది. పెద్దాయనకు నలుగురు కుమార్తెలు, నలుగురిని కాపాడి పెండ్లిండ్లు చేసినవాడు, పొగ అనగానే ఉలికిపడుట ఆయనకు అలవాటు. పెండ్లి కావలసిన మా అన్న కుమారుని సంగతి నేను చెప్పనక్కరలేదు. తెరమీద కనబడినది శారదాంబయే గాని తీర్పు తీర్చబడినవారు వేరు. ఆ చిన్నది మాత్రము తన తీర్పు చెప్పక ప్రశ్న అడిగెను. తెల్లవారుజామున బస్సు దిగు ఆడపిల్లలనుగూర్చి టీ అంగళ్ళ యొద్ద ఏమేమి మాటలాడుదురో తడలో నున్నవారికి తెలియును.

మరునాడు మా ఎరుకలోనున్న ఒక నర్సమ్మగారికి ఈ కథ చెప్పితిని. ఆమె పులికాటు ఒడ్డు పల్లెలలో ముప్పది యేండ్లు పనిచేసి విశ్రాంతి తీసికొన్న మనిషి. కథ అంతయు విని ఆమె నవ్వి, "ఎన్నో వారంలో నెత్తురు తీశారు?" అని అడిగెను. నాకు అర్థము కాలేదు. అప్పుడు ఆమె వివరించినది. టైఫాయిడు జ్వరము మొదటి వారములో మెట్లుమెట్లుగా ఎక్కును, రెండవ మూడవ వారములలో దిగకుండ నిలుచును, రోగి బ్రతికిన యెడల నాలుగవ వారములో దానంతట అదే దిగును. మందు లేకుండ చచ్చువారు పదింటికి ఒకరో ఇద్దరో, మిగిలినవారు ఏ మందు వేసినను వేయకపోయినను లేచుదురు. ఆ జ్వరమునకు నిజముగా పనిచేయు మందు 1948లోగాని చేతికి రాలేదు. చలిజ్వరమైతే దినము విడిచి దినము వచ్చుచు పోవుచుండును. కాబట్టి జ్వరము ముదిరి అందరును ఆశ వదలుకొన్న దినమున ఏమి చేసినను, తాయెత్తు కట్టినను, కోడిని కోసినను, నెత్తురు తీసినను, ఆ తరువాతి వారములో జ్వరము దిగుటకే ఎక్కువ సందు. చేసినదే దింపినదని జనులు సాక్ష్యము చెప్పుదురు. ఆ కుర్రవానిది టైఫాయిడే అని నేననను. ఆమె చెప్పినది జ్వరముల నడకను గూర్చి. నాకు తెలిసినదేమనగా, తెరమీద జ్వరము దిగగానే, "అయితే నిజమే!" అని మా పెద్దాయన గట్టిగా అనెను. చదువుకొన్నవాడనైన నా నోటిలోను ఆ మాటయే వచ్చి ఆగెను.

యోసేపు పై వస్త్రము పోతీఫరు భార్య చేతిలో నుండెను. ఆ వస్త్రము నిజమైనదే, యోసేపుదే. దానిని చూపి ఆమె చెప్పిన కథ మాత్రము అబద్ధము. గురుతు నిజమైనంత మాత్రమున దాని అర్థము నిజము కాదు. ఇది మనము సండేస్కూలు పిల్లలకు బొమ్మవేసి నేర్పుదుము.

ఇంకొక సంగతి చెప్పవలెను. దోషగుణమువంటి పరీక్ష పరిశుద్ధ గ్రంథములోనే యున్నది గదాయని మా అన్న కుమారుడు నన్ను పొడిచెను. ఉన్నది. సంఖ్యాకాండము అయిదవ అధ్యాయము. భార్యమీద రోషము పుట్టిన భర్త, సాక్షి లేనప్పుడు, ఆమెను యాజకునియొద్దకు తేవలెను. యాజకుడు మట్టికుండలో పరిశుద్ధమైన నీరు పోసి, మందిరపు నేలమీది ధూళి కొంచెము అందులో వేసి, శాపపు మాటలు వ్రాసి ఆ నీటిలో కడిగి, ఆమెకు త్రాగనిచ్చును. ఆమె తల ముసుకు తీసి, నూనె లేని యవల పిండి ఆమె చేతులలో ఉంచును. ఆమె దోషియైతే కడుపు ఉబ్బును, కాకపోతే విడిచిపెట్టవలెను. ఇది చదివినప్పుడెల్ల నాకు ఇబ్బందిగానే యుండెడిది. చెప్పవలసినది చెప్పుట మంచిది, ఈ విధిని ఆరాధనలో చదువుచు పైకి ఎత్తి వివరించిన బోధకుని నేను నా జీవితములో ఒక్కని చూడలేదు.

అయితే ఈ రెండు పరీక్షలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. మందిరపు దుమ్ము కలిపిన నీరు ఎవరినైనను ఏమి చేయును? ఏమియు చేయదు. కాబట్టి ఊరి రోషమునకు, మగవాని చేతికి నడుమ ఒక కుండ నీళ్ళు అడ్డము పెట్టబడినవి. త్రాగినది, ఏమియు కాలేదు, అయినది. భర్త నోరు మూసికొనవలెను. స్వభావసిద్ధముగా జరుగునది ఆమె తట్టు నిలుచును. దోషగుణములోనో, స్వభావసిద్ధముగా జరుగునది, అనగా జ్వరము దిగుట, ఆమెను చంపును. పైగా యూదుల పెద్దల సంప్రదాయములో ఒక మాట యున్నది. భర్త తానే అట్టి పాపమునుండి నిర్మలుడు కాని యెడల ఆ నీళ్ళు పనిచేయవట. వ్యభిచారులు హెచ్చినప్పుడు యోహానాను బెన్ జక్కయి అను రబ్బీ, మందిరము పడిపోయిన మొదటి శతాబ్దమునాటివాడు, ఆ పరీక్షనే మాన్పించెనని మిష్నా చెప్పుచున్నది. మగవారు త్రాగవలసి వచ్చునని కాబోలు! ఆ నీటి విధిని నేను మెచ్చుకొనుట లేదు. ఒక స్త్రీని జనుల నడుమ తల విప్పి నిలువబెట్టుట నాకిప్పటికిని మింగుడు పడదు. అందులో తప్పించుకొను దారి యుండెను, శారదాంబకు లేకుండెను, ఇంతమట్టుకే.

కథలను విని జనులు విడిపోవుట ఈనాటిది కాదు. వ్యభిచారమందు పట్టబడిన స్త్రీని శాస్త్రులును పరిసయ్యులును ప్రభువునొద్దకు తెచ్చిన వృత్తాంతము మనకందరికి తెలియును. యోహాను సువార్త ఎనిమిదవ అధ్యాయము. మన తెలుగు బైబిలులో ఆ భాగమును కుండలీకరణములలో ఎందుకు పెట్టిరని ఒక యౌవనుడు నన్ను అడిగెను. నాలుగవ శతాబ్దపు గొప్ప గ్రీకు ప్రతులైన సీనాయి ప్రతిలోను, వాటికను ప్రతిలోను ఆ వృత్తాంతము లేదు. బేజా ప్రతిలో ఉన్నది. ఎందుకిట్లు అని పండితులు ఇంకను వాదించుచున్నారు. క్రీస్తు శకము అయిదవ శతాబ్దపు మొదటి భాగములో ఆగస్టీను వ్రాసినదేమనగా, విశ్వాసము కొంచెమైన కొందరు తమ భార్యలకు అది పాపము చేయుటకు సెలవిచ్చినట్లగునని భయపడి, ఆ భాగమును తమ ప్రతులలోనుండి తీసివేసిరట. ఆయన ఊహ నిజమో కాదో నేను చెప్పజాలను. అట్టి భయముగల భర్తలు ఆయన కాలములో నుండిరనుట మాత్రము నమ్మదగినది. 1600 ఏండ్ల క్రిందట ఆఫ్రికా దేశములో ఒకడు కత్తితో చేసినదానిని మా వసారాలో పెద్దాయన నోటితో చేసెను. "ఇట్టాంటి సినిమాలు ఆడోళ్ళకు చూపించకూడదు" అనెను. మగవారు చూడకూడదని ఎవరును అనలేదు.

పట్టబడినది ఆ క్రియలోనే యైతే, పురుషుడు ఎక్కడ? లేవీయకాండము ఇరువదవ అధ్యాయము ఇద్దరికిని శిక్ష అని చెప్పుచుండగా ఒక్కతెను తెచ్చిరి. ఇది పాత సంగతియని అనుకొనకుడి. 1869లో మన క్రైస్తవులకొరకు చేసిన విడాకుల చట్టములో, భార్య వ్యభిచరించెనని భర్త చూపితే చాలును, విడాకులు దొరకును. భర్త వ్యభిచరించెనని భార్య చూపితే చాలదు, దానితోకూడ క్రూరత్వమో, విడిచిపెట్టుటయో, మరియొక ఘోరమో చూపవలెను. ఇది 2001లోగాని సరిచేయబడలేదు. అనగా 130 ఏండ్లకు పైగా మన గుడిలో పెండ్లియాడిన స్త్రీకి ఒక తూనిక, పురుషునికి ఒక తూనిక. దేశపు శిక్షాస్మృతిలోని 497వ సెక్షను మరియొక విధమైనది. దాని ప్రకారము పరుని భార్యతో పొందు చేసినవాడు ఆ పరునికి అపరాధి. ఆ భర్త ఒప్పుకొన్నచో అపరాధమే లేదు! ఆవును తోలుకొనిపోయినట్లు. 2018 సెప్టెంబరు 27న సుప్రీముకోర్టు దానిని కొట్టివేసెను. వ్యభిచారమును కోర్టు మంచిదనెనని అప్పుడు మనలో కొందరు గగ్గోలు పెట్టిరి. కోర్టు అట్లనలేదు. అది చెరసాలకు పంపదగిన నేరము కాదనెను, విడాకులకు కారణముగా అది నిలిచియే యున్నది.

ఇక కోరికను గూర్చి. మా అన్న కుమారునికిని పెద్దాయనకును రాత్రి జరిగిన వాదములో ఇదియే ముడి. "మనసులో ఉంటే పాపం ఎట్టవుతాది? చేస్తేనే పాపం" అని ఇతడు. "మోహపుచూపు చూస్తేనే చేసినట్టు అని ప్రభువే చెప్పినాడు. ఆమె మనసులో ఉన్నిందంటే చేసినట్టే లెక్క" అని ఆయన. నేను ఆ రాత్రి పెద్దాయన తట్టే మొగ్గితిని. ఇప్పుడు అట్లు తలంచుట లేదు, అన్న కుమారుని తట్టును లేను.

కోరికకు పాపముతో పనిలేదనుట పిల్లవాని మాట. కోరిక ఊరక కూర్చుండదు. అది సాకులు వెదకును, తలుపులు వెదకును, చివరకు మంచిమాటలు కూడ నేర్చుకొనును. పెండ్లియైన ప్రతివానికి ఇది తెలియును, చెప్పడుగాని. అయితే మత్తయి అయిదవ అధ్యాయములో ప్రభువు ఆ మాట ఎవరితో చెప్పెను? వినుచున్నవానితో. చూచుచున్నవాని హృదయములో అని చెప్పెను. వెంటనే నీ కుడికన్నును గూర్చి నీతోనే మాటలాడెను. పొరుగువాని కన్ను పెరుకుమని చెప్పలేదు. నేను నా లోపల చూచుకొనుటకు ఇచ్చిన దీపమును, పెద్దాయనయు నేనును చేతబట్టుకొని పరస్త్రీ హృదయములో ఏమున్నదో వెదకబోయితిమి. హృదయములోనిది క్రియతో సమానమను మాటను సాక్షిలేని వ్యాజ్యములో సాక్ష్యముగా పెట్టినయెడల ఇక ఎవరు తప్పించుకొందురు? శారదాంబ మనస్సులో ఏమియు లేదని ఎవరును రుజువు చేయలేరు. నా మనస్సులో లేదని నేనును చేయలేను.

ఇంకొకటి. మా వసారాలో అందరును ఆమె కోరికను గూర్చియే వాదించిరి. నారాయణస్వామి కోరికను గూర్చి ఎవరును ఎత్తలేదు. ఆ ఇంటిలో అందరికంటె బలమైన కోరిక ఆయనదేయని నాకు తోచుచున్నది. నలుగురిలో మాట పోకూడదను కోరిక. దానికొరకు ఆయన తనతో కాపురముచేసిన మనిషిని ఇచ్చివేసెను. లారీ యజమాని ఆయనమీద జాలిపడుటలో తప్పులేదు, నాకును జాలి కలిగెను. కాని ఆ భర్త తన భార్య ముఖము చూచి ఒక్కమాట అడిగియుండునా, అడిగితే ఏమి వినవలసి వచ్చునోయని భయపడెనా, తెలియదు.

ఇంతవరకు వ్రాసి కలము పెట్టివేయవలెనని రెండు దినములు చూచితిని. పెట్టలేకపోతిని.

సుమారు 20 ఏండ్ల క్రిందట నేను ఒక సంఘ కమిటీలో కార్యదర్శిగా నుంటిని. ఆ సంఘము పేరు అనవసరము. అప్పుడు తడ దగ్గర రాజ్యము పొలిమేరలో వాణిజ్య పన్నుల తనిఖీకొరకు లారీలు రాత్రింబవళ్ళు బారులు తీరి నిలిచెడివి. 2017లో జీఎస్టీ వచ్చిన పిమ్మట ఆ వరుసలు పోయినవి. ఆ వరుసల ప్రక్క టీ అంగళ్ళుండెడివి. మా సంఘస్థురాలు ఒకామె, భర్త వేరొక ఊరికి కూలికి పోయి సరిగా రానందున, ఇద్దరు పిల్లలతో అట్టి అంగడి ఒకటి నడిపెను. ఒక లారీ డ్రైవరుతో ఆమెకు సంబంధమున్నదని మాట పుట్టెను. రాత్రి రెండు గంటలకు లారీ దిగుచుండగా చూచితిమని కొందరనిరి. రాత్రి రెండు గంటలకు అంగడి నడుపునామె ఆ వేళ ఎక్కడ నుండవలెనో మేము ఆలోచింపలేదు.

కమిటీ కూడెను. ఆమెను పిలిపించిరి. ఆమె చీరకొంగు నోటికి అడ్డము పెట్టుకొని నిలువబడి, "అయ్యా, చూసినోళ్ళు ఎవురో ఈడకు పిలిపించండి. నేను వాళ్ళతోనే మాట్లాడతా" అనెను. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట ప్రతి మాట స్థిరపరచబడవలెనని ద్వితీయోపదేశకాండములో ఉన్నది. ఆ వచనము నాకు కంఠస్థము. నేను చెప్పలేదు. ఏలయనగా అధ్యక్షుడు, "సాక్షులను పిలిస్తే ఊరంతా అల్లరవుతాది, సంఘం పరువు పోతాది" అనెను. అందరును తల ఊపిరి. నేను ఊపితిని. ఆమె ఒప్పుకొనలేదు గనుక పశ్చాత్తాపము లేనిదియని వ్రాసి, ప్రభువు బల్లకు ఆమెను దూరము పెట్టితిమి. మూడవ నెల ఆమె అంగడి తీసివేసి పిల్లలను తీసికొని గుమ్మిడిపూండి తట్టునకు పోయినదని వినికిడి. "చూసినారా, పొయ్యింది. నిజం గాకపోతే ఎందుకు పోతాది?" అని అధ్యక్షుడనెను. నాకు అది అప్పుడు రుజువుగానే తోచెను.

ఆ మాట నిజమో అబద్ధమో నాకు ఈ దినమువరకు తెలియదు. తెలియదను ఈ మాటను ఇంత తేటగా నేను నాతో చెప్పుకొనుటకు ఒక సినిమాయు, ఒక చిన్నదాని ప్రశ్నయు కావలసివచ్చెను. ఆమె నిర్దోషియని ఇప్పుడు నేను చాటించిన, అదియు నా ఇంటినుండి తెచ్చి నింపినదే యగును. ఆమె తప్పుచేసి యుండవచ్చును. చేసినను, మేము ఆమెతో చేసినది మాకు చెల్లునా?

నా భార్యతో ఈ సంగతి చెప్పితిని. ఆమె కొంచెముసేపు ఊరకుండి, "ఆమె పిల్లోడికి మనింట్లో జొరం వచ్చినప్పుడు రెండు రోజులు ఉంచుకున్నాం, జ్ఞాపకముందా?" అని అడిగెను. నాకు జ్ఞాపకము లేదు. ఎంత తడవుకొనినను లేదు.

పోయిన వారము పాత రిజిష్టరు వెదకితిని. చెదలు అంచులు కొట్టినవిగాని లోపలి పుటలు బాగుగనే యున్నవి. ఆమె పేరు ఎదుట తేదీ ఉన్నది. కారణము అను గడిలో నా చేతివ్రాతతో ఒక్క మాట ఉన్నది. సాక్షులు అను గడిలో నేనేమియు వ్రాయలేదు. గుమ్మిడిపూండిలో మా బంధువులు ఒకరున్నారు. అక్కడి పేటలలో ఆమెను గూర్చి విచారించుమని వారికి ఫోను చేసితిని. ఆ పేరుగలవారు ముగ్గురున్నారట, మన మనిషి ఏ ఊరి ఆడబిడ్డయో తెలిసిన కనుగొనుట సులువగునని వారు అడుగుచున్నారు. రిజిష్టరులో ఆ సంగతి లేదు. రేపు ఎండుచేపల ముసలమ్మను అడిగి చూచెదను.